స్పీకర్లలో హమ్

స్పీకర్లలో హమ్ అనగా పాట గాని, మాట గాని వినిపించని సమయంలో కూడా స్పీకర్ల నుండి ఎడతెగకుండా వెలువడే మంద్రస్థాయి మోత. వాడుకలో దీనిని "హమ్మింగ్" అని కూడా అంటారు. ఇంటిలో ఏర్పాటు చేసుకున్న చిన్న రికార్డింగు స్టూడియోలలో ఇది తరచుగా ఎదురయ్యే సమస్య. చాలా సందర్భాలలో లోపం స్పీకరులో కాక, పరికరాలను ఒకదానితో ఒకటి కలిపిన తీరులో ఉంటుంది.

స్వభావం

భారతదేశంలో ఇళ్ళకు సరఫరా అయ్యే ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అమెరికాలో ఇది 60 హెర్ట్జ్. అందువలన మన దేశంలో హమ్ 50 హెర్ట్జ్ వద్ద, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్ మొదలగు వాటి వద్ద వినిపిస్తుంది. మోత స్థాయిని బట్టి కారణాన్ని కొంతవరకు ఊహించవచ్చు.

* 50 హెర్ట్జ్: గ్రౌండ్ లూప్, లేదా సమీపంలోని ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్ర ప్రభావం.
* 100 హెర్ట్జ్: పూర్ణతరంగ రెక్టిఫయరు తరువాత ఉండే ఫిల్టర్ కెపాసిటరు బలహీనపడటం.
* గరగరమనే మోత: ట్రయాక్‌తో పనిచేసే ఫ్యాను రెగ్యులేటర్లు, లైటు డిమ్మర్లు. ఇవి విద్యుత్ తరంగాన్ని మధ్యలో కత్తిరించడం వలన హెచ్చు పౌనఃపున్యం గల అనుస్వరాలు పుడతాయి.

గ్రౌండ్ లూప్

రెండు పరికరాలు రెండు వేర్వేరు మార్గాలలో ఎర్తుకు కలిసి ఉన్నప్పుడు ఏర్పడే వలయాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఉదాహరణకు, కంప్యూటరు ఒక గోడ సాకెట్ ద్వారా, స్పీకరు మరొక సాకెట్ ద్వారా ఎర్తుకు కలిసి ఉంటాయి. ఆ రెండింటినీ కలిపే ఆడియో కేబుల్ పైతొడుగు (షీల్డు) రెండవ మార్గం అవుతుంది. గోడలలోని తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ఈ వలయంలో ఫారడే నియమం ప్రకారం విద్యుత్ ప్రవాహాన్ని ప్రేరేపిస్తుంది. షీల్డు నిరోధం స్వల్పమే అయినా, దాని కొనల మధ్య ఏర్పడే కొద్దిపాటి వోల్టేజి సంకేతంతో కలిసి, ఆంప్లిఫయరులో వృద్ధి చెంది, హమ్‌గా వినిపిస్తుంది. వలయ వైశాల్యం పెరిగిన కొద్దీ మోత పెరుగుతుంది.

కారణాన్ని కనుగొనే పద్ధతి

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి ఫలితాన్ని గమనించాలి. కేబుళ్ళను తీసే ముందు, పెట్టే ముందు స్పీకరు శబ్దాన్ని పూర్తిగా తగ్గించాలి.

# స్పీకరుకు కరెంటు తీగను మాత్రమే ఉంచి, ఆడియో కేబుల్‌ను స్పీకరు వద్దనే తీసివేయాలి. అవతలి కొన మాత్రమే తీస్తే, వేలాడే కేబుల్ యాంటెన్నా వలె పనిచేసి తప్పుదారి పట్టిస్తుంది.
# అప్పటికీ మోత ఉంటే లోపం స్పీకరులో గాని, దాని విద్యుత్ సరఫరాలో గాని ఉన్నట్లు. శబ్దం కోను నుండి కాక పెట్టె వెనుక నుండి వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మరు కంపనం కావచ్చు.
# మోత ఆగిపోతే, కంప్యూటరుతో కలపని ఆడియో ఇంటర్‌ఫేస్‌ను మాత్రమే స్పీకరుకు కలపాలి. తరువాత కంప్యూటరు, మానిటరు, కేబుల్ టీవీ తీగ వంటి వాటిని ఒక్కొక్కటిగా చేర్చాలి. దేనిని చేర్చినప్పుడు మోత మొదలవుతుందో అది వలయాన్ని పూర్తి చేస్తున్నట్లు.
# లాప్‌టాప్‌ను ఛార్జరు తీసి బ్యాటరీపై నడపాలి. హమ్ ఆగితే కారణం ఛార్జరు మార్గంలో ఉంది.
# ఎలక్ట్రిక్ గిటారును పక్కకు తిప్పినప్పుడు మోత హెచ్చుతగ్గులైతే, దాని పికప్ నేరుగా అయస్కాంత క్షేత్రాన్ని గ్రహిస్తున్నట్లు.

నివారణ

పరికరాలన్నింటికీ ఒకే సాకెట్ నుండి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు ద్వారా కరెంటు ఇవ్వడం మొదటి ఉపాయం. దీనివలన వలయ వైశాల్యం తగ్గుతుంది. ఆడియో కేబుళ్ళను కరెంటు తీగలకు దూరంగా ఉంచాలి. తప్పనిసరిగా దాటవలసి వస్తే లంబకోణంలో దాటించాలి.

రెండవది బ్యాలెన్స్‌డ్ కేబుల్. ఇందులో సంకేతానికి రెండు తీగలు, వేరుగా ఒక షీల్డు ఉంటాయి. స్వీకరించే పరికరం ఆ రెండు తీగల మధ్య భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది కనుక, రెండింటిలోనూ సమానంగా చేరిన హమ్ రద్దవుతుంది. అయితే పరికరం లోపల షీల్డును పెట్టెకు కాక సర్క్యూట్ గ్రౌండుకు కలిపితే ఈ ప్రయోజనం దెబ్బతింటుంది. దీనిని "పిన్ 1 సమస్య" అంటారు. ఆడియో ఇంజనీరు నీల్ మన్సీ 1995లో ప్రచురించిన వ్యాసం ద్వారా ఇది ప్రసిద్ధమైంది.

బ్యాలెన్స్‌డ్ సౌకర్యం లేనిచోట ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, లేదా ట్రాన్స్‌ఫార్మరు గల డీఐ బాక్సు వాడవచ్చు. ఇవి తీగల మధ్య నేరు సంబంధాన్ని తెంచి, సంకేతాన్ని అయస్కాంత క్షేత్రం ద్వారా మాత్రమే పంపుతాయి.

భద్రత

హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు పిన్నును తీసివేయడం అత్యంత ప్రమాదకరం. వలయం తెగి మోత ఆగినా, రక్షణ కూడా పోతుంది. పరికరం లోపల ఫేజ్ తీగ లోహపు పెట్టెకు తగిలితే, ఎర్తు ఉన్నప్పుడు అధిక ప్రవాహం వలన ఫ్యూజు పోతుంది లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్తు లేనప్పుడు ఆ పెట్టె 230 వోల్టుల వద్ద నిలిచి ఉంటుంది. గిటారు తీగలు, మైకు తొడుగు ఆ పెట్టెలకే కలిసి ఉంటాయి కనుక, రెండింటినీ ఒకేసారి తాకిన వ్యక్తి శరీరం గుండా ప్రవాహం సాగుతుంది. స్కాట్లండుకు చెందిన గిటారు వాద్యకారుడు లెస్లీ హార్వీ 1972 మే 3న స్వాన్సీలో వేదికపై, సరైన ఎర్తు లేని మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు.

కొన్ని పాత ఇళ్ళలో సాకెట్‌కు మూడవ రంధ్రం ఉన్నా, దానికి ఎర్తు తీగ కలిపి ఉండదు. పరికరాన్ని తాకినప్పుడు జిల్లుమనడం, టెస్టరు వెలగడం దీనికి సూచనలు. అటువంటప్పుడు ఎలక్ట్రీషియన్‌చే ఎర్తింగును పరీక్ష చేయించాలి. ఎర్తుకు బదులుగా న్యూట్రల్‌ను ఆ రంధ్రానికి కలపరాదు. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగితే పెట్టెలన్నీ విద్యుదావేశం పొందుతాయి.

ఇవి కూడా చూడండి

* ఏకాంతర విద్యుత్ ప్రవాహం
* ట్రాన్స్‌ఫార్మరు
* విద్యుదయస్కాంత ప్రేరణ