ఉగ్గుగిన్నె నుండి కొలతగిన్నె వరకు

చెన్నపట్టణమునకు ఓడలలో వచ్చు నావికులకు పూర్వము రేవు కానరాక మునుపే ఒక కొండకొమ్ము కంటబడెడిది. అది మన నగరి కొండ. దాని ఆకారమును బట్టి తెల్లవారు దానికి 'నగరి ముక్కు' అని పేరిడిరి. ఆ గురుతును చూచి నావికులు తమ దారిని సరిచూచుకొనెడివారు. మందుసీసాను చేతబట్టిన నర్సునకును అట్టి గురుతు ఒకటి కావలయును. ఎదుటనున్న రోగి ఏడాది నిండని పసికందైనప్పుడు ఆ అవసరము మరింత హెచ్చు. పెద్దవారి విషయమున సర్దుకొనిపోవు పొరపాటు పసిబిడ్డకు ప్రాణాపాయము కావచ్చును. ఆ గురుతు ఎట్లేర్పడినది, దానికి మన సీమతో గల సంబంధమేమి, అను విషయములను ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

నగరివంటి నేతగాండ్ర ఊళ్ళలోని పాత యిండ్లలో ఉగ్గుగిన్నె లేని యిల్లు ఉండెడిది కాదు. ముక్కు గల ఆ చిన్న గిన్నెయే బిడ్డకు పాలగిన్నె, మందుగిన్నె కూడ. ఆముదమైనను, అరగదీసిన వసకొమ్మైనను దానితోనే పోసెడివారు. మన ముసలమ్మలకు తూకపురాళ్ళు లేకున్నను కొలత లేకపోలేదు. సానమీద వసకొమ్మును ఎన్ని చుట్లు త్రిప్పవలెనో వారికి లెక్క కలదు. నేటి వైద్యము ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేదియు బిడ్డకు పెట్టవలదనుచున్నది. ఆ మాట మనము పాటింపవలసినదే. అయినను పసివానికి మందు వేరు కొలతతో ఈయవలెనను జ్ఞానము మన యిండ్లలో చిరకాలముగా ఉన్నదని మరువరాదు.

శాస్త్రగ్రంథములు కూడ ఈ మాటనే చెప్పినవి. బాలచికిత్సకు ప్రసిద్ధమైన కాశ్యపసంహిత అప్పుడే పుట్టిన శిశువునకు వాయువిడంగపు గింజంత మందు చాలుననియు, నెలనెలకు దానిని పెంచవలెననియు, ఎంత పెంచినను ఉసిరికాయంతకు మించరాదనియు విధించినది. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, బిడ్డ ఎదిగినకొలది మోతాదు మారుట. రెండవది, మోతాదునకు మీరరాని హద్దు ఒకటి యుండుట. నేటి ఔషధశాస్త్రము నర్సులకు నేర్పు తొలిపాఠము కూడ ఇంచుమించు ఇదియే.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము నగరి ప్రాంతము ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండెను. అందుచేత పెద్ద జబ్బు చేసినచో ఇచటివారు అటు చెన్నపట్టణమునకో, ఇటు రాయవేలూరునకో పోవుట పరిపాటి. ఆ రాయవేలూరులో ఐడా స్కడర్ దొరసాని 1909లో నర్సులకు శిక్షణ ఆరంభించిరి. ఆ పాఠశాలయే 1946లో కళాశాలయై, నర్సింగు విద్యలో పట్టము నిచ్చు స్థాయికి వచ్చినది. అంతవరకు నర్సు యనగా వైద్యుని మాటను పాటించు సహాయకురాలని మాత్రమే జనులు తలంచెడివారు. మందు గుణమేమి, అది ఒడలిలో ఏమి చేయును, ఎంత మించిన విషమగును అని తానుగా తెలిసికొనవలసిన విదుషీమణి నర్సు అను భావము ఇట్టి విద్యాలయముల వలననే బలపడినది.

ఆ దినములలోని ఆసుపత్రి మందు మన పెద్దలకు జ్ఞాపకముండును. కాంపౌండరు మిక్శ్చరు కలిపి, మనము తీసికొనిపోయిన సీసాలో పోసి, సీసా ప్రక్కన గాట్లు పెట్టిన కాగితపుముక్కను అంటించెడివాడు. ఒక గాటు ఒక మోతాదు. పిల్లవానికైనచో 'సగము గాటు' అని నోటిమాటగా చెప్పెడివాడు. ఆ సగమునకు ఆధారమేమి? ఇంగ్లండు దేశపు వైద్యుడు తామస్ యంగ్ 1813 ప్రాంతమున ప్రకటించిన సూత్రమొకటి కలదు. వెలుతురు అలల రూపమున ప్రసరించునని నిరూపించిన మహనీయుడును ఆయనయే. బిడ్డ వయస్సును, ఆ వయస్సునకు పండ్రెండు కలుపగా వచ్చిన సంఖ్యచే భాగింపవలెను. వచ్చినది పెద్దల మోతాదులో బిడ్డ పాలు. నాలుగేండ్ల బిడ్డకు నాలుగును పదునారుచే భాగింపగా పావు. పండ్రెండేండ్ల పిల్లవానికి సగము. లెక్క సులభమే. కాని నాలుగేండ్ల పిల్లలందరును ఒక్క బరువు ఉండరు గదా! బక్కచిక్కిన బిడ్డకును బొద్దుగానున్న బిడ్డకును ఒకే కొలత పొసగదు. అందుచే క్రమముగా వయస్సును విడిచి బరువును పట్టుకొనిరి. నేడు పిల్లల మోతాదులను సాధారణముగా కిలో బరువునకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కింతురు. ఆసుపత్రిలో నర్సు మొదట బిడ్డను త్రాసులో కూర్చుండబెట్టుట ఇందుకే.

బరువుతో కూడ సమస్య తీరలేదు. పసిబిడ్డ చిన్న ఆకారములోనున్న పెద్దవాడు కాడు. అతని కాలేయము, మూత్రపిండములు ఇంకను పని నేర్చుకొనుచుండును. ఈ సత్యమును లోకము మిక్కిలి వెలపెట్టి నేర్చుకొన్నది. సన్నిపాతజ్వరమునకు దివ్యౌషధమని పేరుగన్న క్లోరాంఫెనికాల్ నవజాతశిశువులకు ఇచ్చినప్పుడు కొందరు శిశువులు బూడిదవర్ణమునకు తిరిగి, రక్తప్రసారము క్షీణించి మరణించిరి. ఆ మందును విరిచి బయటికి పంపు శక్తి పుట్టిన బిడ్డ కాలేయమునకు చాలదని 1959 ప్రాంతమున తేలినది. మందు మంచిదే, రోగమునకు తగినదే, కాని ఆ వయస్సునకు ఆ మోతాదు తగదు.

మన చిత్తూరు సీమ ఈ చరిత్రలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగులకు చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి సారథ్యము వహించిరి. మన దేశమున బి.సి.జి. టీకా వేయు ప్రయత్నమునకు 1948లో మదనపల్లెయే తొలి వేదికలలో ఒకటి యయ్యెను. ఆ టీకాపై అప్పుడు వాదోపవాదములు చెలరేగినవి; 1955లో రాజాజీ అంతటివారు దానిని వ్యతిరేకించిరి. పిదప నగరికి దాపునగల చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఆరంభమైన పెద్ద పరిశోధనలో ఆ టీకా పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపజాలదని తేలినది. అయినను పసిపిల్లల మెదడు పొరలకు సోకు క్షయనుండి అది రక్షించునని గుర్తించి, నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు. దాని మోతాదును చూడుడు: నెలలోపు శిశువునకు 0.05 మిల్లీలీటరు, ఆపైన 0.1 మిల్లీలీటరు. అది కండలోనికి కాదు, చర్మపు పొరలోనికే పోవలెను. కలిపిన టీకాను నాలుగు గంటలు దాటిన పిమ్మట వాడరాదు. ఆరోగ్య ఉపకేంద్రమున నర్సు చేయు ఈ చిన్నపనిలో మోతాదు, మార్గము, వేళ అను మూడు నియమములు ఇమిడియున్నవి.

తెలుగువారు గర్వింపదగిన మరియొక ఘట్టము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లమునకు ఎదురు నిలుచు మందులను తయారు చేయించిరి. వానిలో ఒకదానిని బోస్టను నగరమున డాక్టరు ఫార్బర్ రక్తపుకేన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో గుణము కనబడినదని 1948లో ప్రకటించిరి. ఆ గుణము తాత్కాలికమే యైనను, అంతవరకు ఆశలేని వ్యాధికి అది తొలి ఆశాకిరణము. ఆ వంశమునకే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేడు కొన్ని జబ్బులకు వారమున కొక్కసారి ఇచ్చుట కలదు. పొరపాటున దానిని దినదినము మ్రింగిన రోగులు మరణించిన ఉదంతములు లోకమునందు పెక్కులు. సుబ్బారావుగారి పరిశోధనశాలనుండియే వెలువడిన ఆరియోమైసిన్ ఎందరినో బ్రతికించినది. కాని ఆ టెట్రాసైక్లిన్ జాతి మందులు ఎదుగుచున్న పిల్లల పండ్లకు తొలగని పసుపుమచ్చ వేయునని పిదప తెలిసినది. అందుచే ఎనిమిదేండ్లలోపు పిల్లలకు వానిని సాధారణముగా ఈయరు. ప్రాణము పోయు మందుకే హద్దులు ఎక్కువ కావలెనని ఇందువలన బోధపడుచున్నది.

మోతాదు సరిగానున్నను మందే కల్తీదైనచో? 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్‌ను తియ్యని ద్రవముగా చేయుటకు డైఎథిలీన్ గ్లైకాల్ అను విషద్రవమును వాడిరి. నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో 34 మంది పిల్లలు. ఆ దుఃఖమునుండియే 1938లో అచట గట్టి ఔషధచట్టము పుట్టినది. మన దేశమున రామనాథ చోప్రాగారి సంఘపు సిఫారసులపై 1940లో ఔషధచట్టము వచ్చినది. అయినను ఆ విషము మరల మరల తల యెత్తుచునే యున్నది. 1970ల ఆరంభమున మద్రాసులో పిల్లలు దానికి బలియైరి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఇరువదిమందికి పైగా చిన్నారులు మరణించిరి. వారు త్రాగిన దగ్గుమందు మన పొరుగుననున్న కాంచీపురము జిల్లాలో తయారైనది. అందులో ఆ విషద్రవము నూటికి 48.6 పాళ్ళు ఉన్నట్లు పరీక్షలో తేలినది. ఇట్టి విషమును కంటితో చూచి కనిపెట్టుట నర్సుకు గాని తల్లికి గాని సాధ్యము కాదు. ఆ బాధ్యత తయారుచేయువారిది, పరీక్షించువారిది. అయితే ఆ మందు అసలు కావలయునా యని అడుగుట మన చేతిలో నున్నది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, ఐదేండ్లలోపు వారికి సామాన్యముగా వలదనియు కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో సూచించినది.

డాక్టరు మందు వ్రాయును, అంగడివాడు ఇచ్చును, కాని బిడ్డ నోటికి చేర్చునది నర్సు చేయియో, తల్లి చేయియో. అందుకే నర్సులకు ఐదు మాటలు కంఠస్థము చేయింతురు: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ. చుక్కను తప్పుగా చదివినచో మోతాదు పదిరెట్లగును. కాబట్టి అరను వ్రాయునప్పుడు చుక్కకు ముందు సున్న తప్పక పెట్టవలెననియు, నిండు సంఖ్య వెనుక చుక్కయు సున్నయు పెట్టరాదనియు నేర్పుదురు. అపాయకరమైన మందులైనచో ఇద్దరు నర్సులు వేర్వేరుగా లెక్కవేసి సరిచూచుకొందురు. అనుమానము కలిగిన నర్సు ఆగి డాక్టరును అడుగుట ధిక్కారము కాదు. అది ఆమె ధర్మము.

ఇక మన యింటి సంగతి. పది కిలోల బిడ్డకు జ్వరమునకు పారాసిటమాల్ ఒక మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాముల వంతున 150 మిల్లీగ్రాములనుకొందము. ఐదు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండు సిరప్పు అయినచో సుమారు ఆరు మిల్లీలీటర్లు కావలెను. ఒక మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండు చుక్కలమందు అయినచో ఒకటిన్నర మిల్లీలీటరు చాలును. పేరు రెండింటికిని ఒక్కటే. చుక్కలమందును సిరప్పనుకొని ఆరు మిల్లీలీటర్లు పోసినచో బిడ్డకు నాలుగు రెట్లు చేరును. దినమున పలుమారులు అట్లే పోసినచో కాలేయము చెడును. కావున సీసాపై పేరుతో పాటు బలమును కూడ చదువవలెను. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. మందుతో వచ్చిన మూతనో, గీతలుగల గొట్టమునో వాడవలెను. పెద్దవారి మాత్రను విరిచి పిల్లలకు వేయరాదు. వైద్యుడు చెప్పనిదే జ్వరమునకు ఆస్పిరిన్ ఈయరాదు. మందు వ్రాయించుకొనునప్పుడు బిడ్డ బరువును మనమే ముందుగా చెప్పుట మంచిది.

ఉగ్గుగిన్నెతో వసను కొలిచిన ముసలమ్మ చుట్లు లెక్కపెట్టుచు తొందరపడెడిది కాదు. ఆమె వసకొమ్మును నేడు విడిచిపెట్టినను, ఆ నిదానమును మాత్రము విడువరాదు. ఈ రాత్రి పిల్లలు నిద్రించిన పిదప మందుల అలమర తెరచి, ఒక్కొక్క సీసాపై ఏమి వ్రాసియున్నదో దీపము వెలుతురున ఒకమారు చదువుడని శ్రోతలకు మా మనవి.