గ్రంథాలయ సంగ్రహాలలో అంతర్జాల రచనలు

అచ్చయిన పుస్తకం ఒకచోట చెదలు పట్టినా మరొకచోట దొరుకుతుంది. అంతర్జాలంలో మాత్రమే వెలువడిన రచనకు ఆ భరోసా లేదు. చోటిచ్చిన సంస్థ మూతపడినా, రాసినవారు ఖాతాను తొలగించినా అది ఒక్కరోజులో కనుమరుగవుతుంది. యాహూ సంస్థ 2009 అక్టోబరులో జియోసిటీస్ సేవను నిలిపివేసినప్పుడు సామాన్యులు రాసుకున్న సొంత పుటలు అసంఖ్యాకంగా తమ స్థానాన్ని కోల్పోయాయి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ముగిసింది. ఇటువంటి రచనలను, ముఖ్యంగా బ్లాగులను, గ్రంథాలయాలు తమ పరిశోధన సంగ్రహాలలో చేర్చుకోవలెనా అన్న ప్రశ్న ఈ అనుభవాల వల్లనే బలపడింది.

చట్టం పరిధి

మన దేశంలో పుస్తకాలను భద్రపరచే బాధ్యతను 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం నిర్ణయించింది. ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ వెలువడిన 30 రోజులలోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమెర గ్రంథాలయంతో సహా మరి మూడు గ్రంథాలయాలకూ స్వంత ఖర్చుతో పంపవలెను. 1956లో జరిగిన సవరణతో వార్తాపత్రికలు కూడా దీని కిందికి వచ్చాయి. అయితే ఈ చట్టం అచ్చు ప్రచురణలను దృష్టిలో ఉంచుకొని రూపొందినది.

కొన్ని దేశాలు మరింత ముందుకు సాగాయి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 1996లోనే పండోర అనే అంతర్జాల సంగ్రహాన్ని ప్రారంభించింది. ఫ్రాన్సు 2006లో, బ్రిటన్ 2013 ఏప్రిల్‌లో తమ సమర్పణ నిబంధనలను అంతర్జాల ప్రచురణలకు విస్తరింపజేశాయి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2007 నుండి న్యాయశాస్త్ర విషయాలపై వెలువడే బ్లాగులను ఎంచి సేకరించింది. వాణిజ్య రంగంలో లెక్సిస్‌నెక్సిస్ సంస్థ 2006లో ఎంపిక చేసిన బ్లాగులను తన సమాచార నిధిలో చేర్చుకున్నది. పండితులు, వృత్తి నిపుణులు పత్రికలకన్నా ముందుగా బ్లాగులలో రాయడమే ఇందుకు ముఖ్య కారణం.

చేర్చే విధానం

మొదటి మెట్టు ఎంపిక. రాసినవారెవరు, ఏ తేదీన రాశారు, చెప్పిన సంగతికి ఆధారమేమి అన్నవి పరిశీలిస్తారు. రెండవది అనుమతి. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు సాహిత్య రచనపై హక్కు నిలుస్తుంది. అంతర్జాలంలో ఉచితంగా చదవగలిగినంత మాత్రాన ఆ హక్కు పోదు. మూడవది సేకరణ. ప్రత్యేక కంప్యూటర్ ప్రోగ్రాము పుటలను, బొమ్మలను, లంకెలను వరుసగా సేకరించి, వార్క్ అనే ప్రామాణిక రూపంలో నిలువ చేస్తుంది. చివరిది సూచీకరణ. పేరు, విషయం, భాష, తేదీ, సేకరించిన రోజు నమోదైతేనే పరిశోధకునికి ఆ రచన దొరుకుతుంది.

సేకరించిన తేదీకి ప్రత్యేకమైన విలువ ఉన్నది. అచ్చయిన వాక్యం మారదు. అంతర్జాలంలోని వాక్యాన్ని రచయిత ఎప్పుడైనా దిద్దవచ్చు. ఏ రోజున ఏమి ఉన్నదో చూపగలిగినదే నమ్మదగిన సంగ్రహం.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు

తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చోటు పొందినా, 2000 తరువాత కూడా అనేక తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లనే వాడాయి. ఆ పుటలను భద్రపరచినా ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. మాట పెట్టి వెదికితే దొరకవు. అటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి పద్మ వంటి ఉపకరణాలు వచ్చాయి. పుట నిలిచినంత మాత్రాన చాలదనీ, అది చదవదగిన రూపంలో నిలవవలెననీ దీనివల్ల తెలుస్తుంది.

సరిహద్దు కుటుంబాలకు దీనితో పని

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు, 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు, 1954లో యానాం ఫ్రెంచి పాలన నుండి భారతదేశానికి వచ్చినప్పుడు, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గీతలు మారాయి గాని ఇళ్లలోని మాట మారలేదు. ప్రభుత్వ దస్త్రాలలో ఆ మార్పుల తేదీలు ఉంటాయి. బడి భాష మారిన ఏడాది ఇంట్లో ఏమనుకున్నారో, వియ్యంకుల మధ్య రాకపోకలు ఎట్లు సాగాయో, పక్కభాష నుండి వచ్చిన ఏ మాట మన వంటింట్లో స్థిరపడిందో వాటిలో ఉండదు. పల్లె పేర్ల వెనుక కథలను, కొలతల పేర్లను, పెళ్లిపాటలను కుటుంబాలవారు రాసిపెట్టినప్పుడు అవి తరచుగా అచ్చుకు నోచుకోక అంతర్జాలంలోనే నిలుస్తాయి. ఆ పుట పోతే పరిశోధకునికి మరొక ఆధారం దొరకకపోవచ్చు.

ఇంటివద్ద చేయదగినవి

• యూనికోడ్‌లోనే రాయవలెను. ప్రతి రచన కింద ఊరు, తాలూకా, తేదీ, విషయం చెప్పిన పెద్దవారితో బంధుత్వం తెలుపవలెను.

• పెద్దవారు ఇష్టపడని సంగతిని, ఆస్తి తగాదాలను, ఇతరుల ఇంటి గుట్టును రాయరాదు. ఒకసారి సంగ్రహంలో చేరినదానిని వెనక్కి తీసుకొనుట సులభం కాదు.

• ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ 2001 నుండి ప్రజలకు అందుబాటులో ఉన్నది. పుట చిరునామాను అక్కడ ఇచ్చి ఆనాటి ప్రతిని నిలువ చేయవచ్చును.

• ఒక్క సంగ్రహాన్నే నమ్ముకొనరాదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీపైనా, 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పైనా సైబర్ దాడులు జరిగి సేవలు నిలిచిపోయాయి. ఒక ప్రతిని ఇంటి కంప్యూటరులో, మరొకదానిని విడిగా డిస్కులో ఉంచవలెను.

• ముఖ్యమైన రచనలను కాగితంపై అచ్చు తీసి, కుట్టించి, ఊరి బడికో సమీప గ్రంథాలయానికో ఇవ్వవచ్చును. తెలుగు చదవలేని ఉద్యోగి ఉండే చోట, పేరునూ విషయ సంగ్రహాన్నీ ఆ రాష్ట్ర భాషలో కూడా మొదటి పుటపై రాసి ఇస్తే సూచీలో సరిగా నమోదగును.