అమీర్‌పేటలో తెలుగు తెర తొలి మజిలీ

మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణాలయముల ప్రకటన ఫలకములు మింటినంటుచుండ, రెండు మెట్రో మార్గములు కలియు కూడలియై తెల్లవారినది మొదలు జనసమ్మర్దముతో క్రిక్కిరిసియుండు నేటి అమీర్‌పేటను చూచువారికి, తెలుగు చలనచిత్రము మదరాసు విడిచి హైదరాబాదునకు తరలివచ్చునపుడు తొలి మజిలీ ఇచ్చటనే చేసినదన్న సంగతి సాధారణముగా స్ఫురింపదు. శ్రీ సారథి స్టూడియోస్ ప్రాంగణమే ఆ మజిలీ.

దీని పూర్వకథ మదరాసున నున్నది. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ గారి అండతో గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి సంస్థ పక్షమున 1938లో ‘మాలపిల్ల’ను నిర్మించినపుడు, చలముగారి కథకును తాపీ ధర్మారావుగారి సంభాషణలకును తెరమీద స్థానము కల్పించి, రచయితకు పెద్దపీట వేయుట ఆ సంస్థకు సంప్రదాయము చేసిరి. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప ఆ సంస్థయే అమీర్‌పేటలో స్టూడియో నెలకొల్పగా, గుత్తా రామినీడుగారి దర్శకత్వమున 1959లో వెలువడిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదుననే తయారైన తొలి తెలుగు చిత్రముగా ప్రసిద్ధి గాంచెను. 1961లో ఆ సంస్థయే నిర్మించిన ‘కలసివుంటే కలదుసుఖం’ చిత్రమునకు దర్శకత్వము వహించిన తాపీ చాణక్య, ‘మాలపిల్ల’కు మాటలు కూర్చిన ధర్మారావుగారి కుమారుడే.

ఇంచుమించుగా ఆ కాలముననే, 1958లో, ఐర్లండు దేశస్థులు బ్రే పట్టణమున ఆర్డ్‌మోర్ స్టూడియో నెలకొల్పి, ఆబీ నాటకశాల రూపకములను వెండితెర కెక్కింపవలెనను సంకల్పముతో పని ప్రారంభించిరి. తమ కథను తమ గడ్డమీదనే చిత్రించుకొనవలెనన్న తహతహ అచ్చటను ఇచ్చటను ఒక్కటియే. అయితే మన రచయితలకు చిరకాలము మదరాసే గమ్యస్థానమయ్యెను; హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచున్న సి. నారాయణరెడ్డిగారు సైతము ‘గులేబకావళి కథ’ (1962) పాటలతో మదరాసు చిత్రసీమయందే అడుగిడవలసి వచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారు హైదరాబాదున స్థిరపడుటతో గాలి మళ్ళినది. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ నవల ‘డాక్టర్ చక్రవర్తి’గా రూపొంది 1964లో నంది పురస్కారముల తొలి బంగారు నందిని గెలుచుకొనుట, నవలా రచయిత్రులకు తెర తలుపులు తెరచిన ఘట్టముగా నేను భావింతును. 1976లో పంజాగుట్టకు ఆవల బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ వెలయుటతో ఈ ప్రాంతము చిత్రసీమకు స్థిరనివాసమైనది.

నా దృష్టిలో సారథి ప్రాంగణమునకు శాశ్వతకీర్తి తెచ్చినది అందలి ఫ్లోర్లకంటెను చిన్న ప్రివ్యూ థియేటరే. 1970ల దశకమున పుట్టిన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ దేశవిదేశ చిత్రములను ఇచ్చట ప్రదర్శించెను. ప్రేక్షకునితో సంబంధము టిక్కెట్టు కొనుటతో తీరునది గాక సభ్యత్వముతో కూడిన బంధమగుటచేత, వ్యాపార థియేటర్లు తలపెట్టని చిత్రములు సైతము ఇట్టి సంఘముల సభ్యులకు చూడ లభించెడివి. డిజిటల్ పూర్వకాలమున ఇట్టి ప్రదర్శన సామాన్యమైన పని కాదు: రేకు డబ్బాలలో వచ్చిన వేయి అడుగుల రీలు 11 నిమిషములకే ముగియును, తెర కుడివైపు పైమూలన ఒక చిన్న చుక్క మెరసి మాయమగును, ఆపరేటరు రెండవ ప్రొజెక్టరును సిద్ధము చేయును, మరల చుక్క మెరసిన క్షణమున వెలుగు ఒక యంత్రమునుండి మరియొక దానికి మారును. ఆ నేర్పు తెలియని ప్రేక్షకుడు అంతరాయమే లేదనుకొని కథలో లీనమైయుండును. కథ చెప్పుటలో పొదుపును, మౌనమునకు గల విలువను తెలిసికొనగోరు యువ రచయితకు ఇట్టి గదిని మించిన బడి లేదు.

పంజాగుట్టకు చేరువన 2010లో వెలసిన లామకాన్ అను సాంస్కృతిక వేదిక, కవితాపఠనములకును లఘుచిత్ర ప్రదర్శనములకును చోటిచ్చి, ఆ సేవనే మరియొక రీతిని కొనసాగించుచున్నది. అమీర్‌పేటలోనే పూర్వము సత్యం థియేటరున్న స్థలమున 2023లో ఏఏఏ సినిమాస్ అను మల్టీప్లెక్సు వెలసినది. కట్టడములు మారుట సహజము. కాని వానితోడ కాగితములు కూడ నశించుట క్షంతవ్యము కాదు. కావున పాఠకులకొక విన్నపము: మీ యిండ్ల అటకలమీద పాత పాటల పుస్తకములు గాని, వాల్‌పోస్టర్లు గాని, చేతివ్రాత సంభాషణల ప్రతులు గాని యున్నచో, వానిని పాతకాగితముల వానికి తూచి యీయక, సుందరయ్య విజ్ఞాన కేంద్రము వంటి గ్రంథాలయమునకు అప్పగింపుడు.