వీధిబడిలో భాగహారం

చతుర్విధ ప్రక్రియలలో బాలలను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టేది భాగహారం. కూడిక, తీసివేత, హెచ్చవేత కుడివైపు నుండి మొదలవుతాయి. ఇది ఎడమవైపు నుండి మొదలవుతుంది. ఆ మూడింటికీ జవాబు ఒక్కటే. దీనికి భాగఫలమని ఒకటి, శేషమని మరొకటి. గ్రామీణ భారతంలో జరిగిన 2024 నాటి అసర్ సర్వే ప్రకారం, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు ఐదవ తరగతి పిల్లలలో నూటికి 31 మందికి మించలేదు. బోధనా సాధనాలు ఇన్ని పెరిగిన కాలంలోనే ఇట్లా ఉంటే, పలక కూడా అరుదైన రోజుల్లో మన పూర్వులు ఈ ప్రక్రియను పసివారికి ఎట్లా పరిచయం చేసి ఉంటారు? ఈ ప్రశ్నకు కొంత సమాధానం చరిత్రలో దొరుకుతుంది.

తెలుగులో గణితమనగానే పావులూరి మల్లన గుర్తుకు వస్తాడు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మహావీరుని గ్రంథంలో పరికర్మలు గుణకారంతో మొదలవుతాయి, రెండవది భాగహారం. భాజ్యం కింద భాజకాన్ని ఉంచి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణకాలను తొలగించి, ఆపైన భాగించమని అక్కడ సూత్రం. ఎంతో చక్కని సూత్రమే. అయితే మామూలు కూడిక, తీసివేతలు వచ్చినవారి కోసం చెప్పినది. ఆరేడేళ్ల బాలుడు భాగహారంలో తొలి అడుగు వేసినది ఇటువంటి గ్రంథాలలో కాదు, వీధిబడి అరుగు మీద.

ఆ అరుగు మీద ఏమి జరిగేదో తెలుసుకోవడానికి మంచి ఆధారం ఒకటి ఉన్నది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించిన క్యాంబెల్ ఈయనే. నేటి అనంతపురం సీమ కూడా అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. ఆయన లెక్కలో జిల్లా మొత్తం మీద 533 బడులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226.

పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ఆ తరువాత కూడిక ఎక్కాలు, నూరు వరకు అంకెలు, డబ్బు లెక్కలలో కూడికలు, తీసివేతలు, గుణకారం, నాణాలను, కొలతలను ఒకదానినుండి మరొకదానికి మార్చడం: ఇదీ ఆయన చెప్పిన పాఠక్రమం. ఆ వరుసలో భాగహారమనే పేరు విడిగా లేదు. దానికి బదులు మరొక విశేషం ఉన్నది. ఒకటిని నాలుగు భాగాలుగా, ఆ భాగాన్ని మళ్లీ నాలుగుగా, ఇట్లా చాలా లోతు వరకు తీసుకుపోయే భిన్నాలను నేర్పడానికి గురువులు ఎంతో శ్రమపడేవారట. రోజుకు రెండుసార్లు పిల్లలందరూ వరుసగా నిలబడి, పెద్ద విద్యార్థి చెబుతూ ఉంటే, ఆ భిన్నాలను, ఎక్కాలను, కొలతలను వల్లించేవారు.

ఈ వల్లెవేతలోనే భాగహారం దాగి ఉన్నది. ఒకటిలో నాలుగవ వంతు కాలు; కాలులో నాలుగవ వంతు వీసం; వీసంలో నాలుగవ వంతు కాని. ధాన్యపు కొలతలూ ఇదే బాటలో నడిచేవి. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. మధ్యలో సగాలకు తవ్వ, అడ్డ, ఇరస అనే పేర్లు వేరే ఉన్నాయి.

ఇప్పుడు మూడు కుంచాల వడ్లు ఎనిమిది మందికి సమంగా పంచాలనుకోండి. మూడు కుంచాలు ఎనిమిది మందికి చాలవు. కుంచాలను మానికలుగా విడదీస్తే పన్నెండు. తలకొక మానిక ఇవ్వగా నాలుగు మిగులుతాయి. ఆ నాలుగింటిని సోలలు చేస్తే పదహారు, తలకు రెండు. మొత్తం మీద ఒక్కొక్కరికి ఒక మానిక, రెండు సోలలు. పెద్ద కొలతతో మొదలుపెట్టడం, పంచగలిగినంత పంచడం, మిగిలినదాన్ని చిన్న కొలతలోకి విడగొట్టి మళ్లీ పంచడం. నేటి బడిలో చేయించే దీర్ఘ భాగహారమంతా ఇంతే. అది ఎడమనుండి మొదలవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది: పంపకంలో ఎవరైనా ముందు పెద్దవాటినే పంచుతారు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. ఒక కుంచం ముగ్గురికి పంచితే తలకొక మానిక పోగా ఒకటి మిగులుతుంది. దాన్ని సోలలు చేసినా ఒకటి, గిద్దలు చేసినా ఒకటి మిగులుతూనే ఉంటుంది. నాలుగుతో నడిచే లెక్క మూడుకు ఎన్నడూ తెగదు. అదీగాక, పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలను చిలుకల వలె అప్పజెబుతారని క్యాంబెల్ అదే నివేదికలో విమర్శించాడు. అయితే సోలను, మానికను ఇంట్లో చేత్తో పట్టుకొని కొలిచిన పిల్లవానికి ఆ ఎక్కంలోని మాట వట్టి మాట కాదు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 నుండి కిలోగ్రాములు రాసాగాయి. దేశమంతటికీ ఒకే కొలత ఏర్పడటం మేలైన పనే. ఊరికొక రకంగా ఉండే శేరుతో మోసపోయేది ఎక్కువగా బీదవాడే. అయితే నాలుగు స్థానంలోకి పది వచ్చినప్పుడు, విడగొట్టి పంచడమనే భావం మాత్రం పాఠంలో వెనుకబడింది. 72ను 4తో భాగించేటప్పుడు మనం చెప్పే మాటలు వినండి: ఏడులో నాలుగు ఒకసారి పోతుంది, మూడు మిగిలింది, రెండును దించు. ఎందుకు దించాలో పిల్లవానికి తెలియదు. అదే ఏడు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు నలుగురి ముందు పెట్టి చూడండి. తలకొక నోటు పోగా మూడు నోట్లు మిగులుతాయి. వాటిని చిల్లర మార్చితే ముప్పై రూపాయలు, ఉన్న రెండుతో కలిపి ముప్పైరెండు, తలకు ఎనిమిది. మొత్తం పద్దెనిమిది. దించడమంటే చిల్లర మార్చి కలపడమేనని ఒక్కసారి తెలిస్తే, ఆ పిల్లవాడు ఎంత పెద్ద సంఖ్యకూ జంకడు.

పాత లెక్కల గుర్తులు పూర్తిగా చెరిగిపోలేదు. 2008లో విడుదలైన యూనికోడ్ 5.1లో నాలుగు వంతుల లెక్కకు వాడిన తెలుగు భిన్నాంకెలకు, తూము గుర్తుకు స్థానం లభించింది. పావలా బిళ్ల 2011 జూన్ 30తో చలామణీ నుండి తొలగిపోయినా, పావుకిలో, అరకిలో, ముప్పావుగంట మన నోట ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

భాగహారం అన్న మాటకు భాగాలను హరించడం, అనగా తీసివేయడమని అర్థం చెప్పుకోవచ్చు. బియ్యపు డబ్బాలో గ్లాసు ముంచుతూ ఎన్ని గ్లాసులు వచ్చాయో లెక్కించే పిల్ల చేసేది అదే. ఉన్న నాలుగు లడ్లను అన్నకూ తనకూ పంచే పిల్లవాడు చేసేదీ అదే. ఈ రెండు పనులూ బడికి రాకముందే పిల్లలకు వచ్చు. వాటిని మొదట చేయించి, గీత గీసి అంకెలు వేయడం తరువాత నేర్పితే, వీధిబడిలోని మంచిని చెడునుండి వేరుచేసి వాడుకున్నవారమవుతాము.