చేతిపని చదువు: పాలమూరు చెప్పే పాఠం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలకు కేంద్రాలయినాయి. అంతవరకు అవి మహబూబ్‌నగర్ జిల్లాలోని భాగాలు. జనం నోట పాలమూరు. ఆ పేరు వినగానే నలుగురికీ స్ఫురించే మాట “పాలమూరు లేబరు”. దేశంలో ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని కాలువలకు యీ సీమ మనుషులు మట్టి మోశారో! గుంపుమేస్త్రీ చేతి బయానాకు కట్టుబడి, పిల్లాపాపలతో వలసపోయినవారు వారు. మట్టి స్వభావం, రాయి జీవం, గట్టు వాలు వారికి కొట్టినపిండి. అయినా ప్రభుత్వ పత్రాలలో వారంతా “నైపుణ్యం లేని కూలీలు”. పని తెలిసిన చేతికి కాగితం లేదు, కాగితం వున్న చేతికి పని రాదు. యీ వైపరీత్యం ఎలా వచ్చింది? ఉన్నత పాఠశాలల్లో వృత్తివిద్యను గురించి మాట్లాడబోయే ముందు యీ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

గద్వాల చీరనే తీసుకుందాం. దాని ఒడలు నూలు. అంచూ కొంగూ పట్టు. ఒడలి పేకా అంచు పేకా ఒకదానిలో ఒకటి మెలిపడి కలిసేచోట నేతగాని నేర్పంతా కనబడుతుంది. పడుగు పోగుల లెక్క, బుటాల అమరిక, రంగుల పాళ్ళు: ఇదంతా గణితమే, రసాయనమే. కాని యీ శాస్త్రం బడికి బయటనే వుండిపోయింది. నిజాం రాజ్యంలో సర్కారీ బడి ఉర్దూలో చెప్పేది. నేతగాని కొడుక్కు ఆ బడి భాషలోనూ దూరమే, బతుకులోనూ దూరమే. అతని చదువు గుంటమగ్గం దగ్గర మొదలై అక్కడనే ముగిసింది.

మరి సమాజం చదువుకు చేయూతనివ్వలేదా? ఇచ్చింది. 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టలు అందుకు సాక్ష్యం. దానికి మూలపురుషుడు కొత్వాలు వెంకటరామారెడ్డి వనపర్తి సంస్థానంలో పుట్టినవాడు. దాన్ని నడిపినవారిలో ఒకరైన సురవరం ప్రతాపరెడ్డి, 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికైనాడు. ఆయన “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” రాజుల కథలను పక్కనబెట్టి జనం బతుకును చరిత్రగా నిలబెట్టింది. తెలంగాణలో చైతన్యం పెరగడానికి అటువంటి హాస్టళ్ళు చేసిన మేలు కాదనరానిది. అయితే ఆ చేయూత కులం గట్టు దాటడం అరుదు. దాత దయ ఎంతవరకు పారితే చదువు అంతవరకే పారింది.

సంస్థానాలు పోయినాయి. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ వెలసింది. శిస్తులు లెక్కించిన గోడల మధ్య యంత్రాలు తిరగడం చిన్న మార్పు కాదు. నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని పాలెం గ్రామంలో, ప్రజలు పాలెం సుబ్బయ్య అని పిలుచుకున్న మనిషి పూనికతో విద్యాలయాలు లేచాయి. ఆ వూళ్ళోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రమూ వున్నది. వూరు తలుచుకుంటే ఏమి చేయగలదో ఇవి చెబుతాయి. కాని పాలిటెక్నిక్ గడప తొక్కాలంటే ముందు పదోతరగతి దాటాలి. వలసపోయే కూలీ బిడ్డ జారిపోయేది ఆ లోపలనే.

అందుకే పాఠశాలలోనే చేతిపని వుండాలన్న ఆలోచన వచ్చింది. 1937 వార్ధా సభలో గాంధీజీ ప్రతిపాదించినదీ, 1952-53లో ముదలియార్ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలల పేరుతో చెప్పినదీ, 1964-66లో కొఠారీ కమిషన్ పనియనుభవం పేరుతో చెప్పినదీ అదే. పేర్లు మారాయి, టైంటేబిలులో వారానికొక పీరియడు మిగిలింది. దీనికి నిధుల లేమి ఒక్కటే కారణమనడం తప్పు. 1953లో మద్రాసులో రాజాజీ తెచ్చిన పథకాన్ని గుర్తుచేసుకోండి. పూట బడి, మిగతా పూట తండ్రి వృత్తి! చాకలి బిడ్డ చాకలిగా, మంగలి బిడ్డ మంగలిగా మిగలాలన్న ఆ ఏర్పాటును ప్రజలు కులవిద్య అని గుర్తుపట్టి తిప్పికొట్టారు. 1954లో అది రద్దయింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడివేళల తర్వాత కుటుంబ వృత్తిలో పిల్లలు సాయపడవచ్చునని వెసులుబాటు ఇచ్చినప్పుడు ఆ పాత నీడే మళ్ళీ కదిలింది.

చదువునూ ఉత్పత్తి శ్రమనూ కలపాలని మార్క్స్ కూడా చెప్పాడు కదా అని కొందరంటారు. చెప్పాడు. ఆయన కోరినది సర్వతోముఖంగా వికసించిన మనిషిని. ఒకే మరకు బిగించిన మనిషిని కాదు. 1958లో సోవియట్ యూనియన్ పాఠశాలను ఫ్యాక్టరీతో ముడిపెట్టే చట్టం చేసింది. దగ్గరలో ఏ పని దొరికితే అదే పిల్లవాని వృత్తివిద్య అయినచోట ఆ ప్రయత్నం తేలిపోయింది. కొన్నేళ్ళకే ప్రభుత్వం వెనక్కు తగ్గవలసివచ్చింది. సోషలిస్టు దేశంలోనే ఇంత చిక్కు వుంటే, కులం గూడుకట్టుకున్న మన వూళ్ళలో ఎంత జాగ్రత్త కావాలి!

2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ వృత్తివిద్య మాట ఎత్తింది. సమాజ భాగస్వామ్యమన్నది అందులో ఇష్టమైన పదం. ఏ సమాజం? వూరంటే భూస్వామీ వున్నాడు, గుంపుమేస్త్రీ వున్నాడు, నేతగాడూ వున్నాడు. మొదటివాళ్ళు బడికి షెడ్డు కట్టించి శిలాఫలకం వేయించుకుంటే సరిపోదు. గద్వాల నేతగాడు బడిలోకి గురువుగా రావాలి. గౌరవమైన జీతం తీసుకోవాలి. మగ్గం ముందు రెడ్డి బిడ్డా కూర్చోవాలి, మాదిగ బిడ్డ మోటారు విప్పి బిగించాలి, ఆడపిల్ల కరెంటు తీగ కలపాలి. పిల్లల చేతిపని అమ్మి బడి నడపరాదు. పని నేర్చిన పిల్లవానికి కాలేజీ తలుపు మూసుకోరాదు. పనితోపాటు కూలిచట్టమూ, సంఘం కట్టుకునే హక్కూ పాఠంగా చెప్పాలి.

ఇవి లేని వృత్తివిద్య గుంపుమేస్త్రీకి సర్టిఫికెట్టున్న కూలీలను పంపుతుంది, అంతే. ఇవి వున్నచోట పాలమూరు బిడ్డ తన తాత మోసిన మట్టికి లెక్క అడుగుతాడు. మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ యీ రెంటిలో దేని కోసం నిలబడతారో తేల్చుకోవలసి వున్నది.