అడుగు చేపల లెక్క

పెందుర్తిలో చేపల గంప దగ్గర మన పెన్షనరు మిత్రులు తరచూ అనే మాట: "మా రోజుల్లో గొరకలు ఇంతేసి ఉండేవి!" ఇది జ్ఞాపకమా, నిజమా? తేల్చాలంటే లెక్క కావాలి.

యుద్ధం ముగిశాక తిండికరువు రోజుల్లో, చేపలు ఎక్కడున్నాయో వెతకడానికి 1946లో బొంబాయిలో డీప్ సీ ఫిషింగ్ స్టేషన్ పెట్టారు. అదే 1983లో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా అయింది. విశాఖలోనూ దానికి స్థావరం ఉంది. వెతుకులాటతో మొదలైన పని, మిగిలిందెంతో తూచే పనిగా మారింది.

సర్వే నౌక సముద్రం అడుగున వల ఈడుస్తుంది. టేకు, గులివింద, జెల్ల - వేటికవి తూచి, గంటకు ఎన్ని కిలోలో రాస్తారు. రేవుకొచ్చిన మొత్తం సరుకు చూసి మురిస్తే మోసపోతాం. 1976లో ఫిషింగ్ హార్బరు వచ్చాక ట్రాలర్లు పెరిగాయి. సముద్రంలో చేప తరుగుతున్నా, పడవలు పెరిగితే రేవులో సరుకు పెరుగుతుంది. మన ఆఫీసు భాషలో, మొత్తం ఫైళ్లు కాదు, మనిషికెన్ని అన్నదే లెక్క! గంట లెక్కతోపాటు చేప పొడవూ తగ్గితే, గుడ్డు పెట్టకముందే పట్టేస్తున్నామన్న అనుమానం కలగాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలయ్యే 47 రోజుల వేట నిషేధం 2015లో 61 రోజులైంది. చేప దొరకలేదని మనం విసుక్కుంటాం గానీ, ఆ రెండు నెలలూ మరపడవ కలాసీకి వేట ఉండదు. అతనికిచ్చే భృతి మన రాష్ట్రంలో 2025లో రూ. 20,000 అయింది.