ఆర్లింగ్టన్ మెమోరియల్ బ్రిడ్జి: గ్రానైట్ చాటున కాంక్రీటు

వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర మొదలై, పోటోమాక్ నది దాటి వర్జీనియా ఒడ్డుకు చేర్చే వంతెన ఆర్లింగ్టన్ మెమోరియల్ బ్రిడ్జి. అంతర్యుద్ధంలో (1861–65) తలపడిన ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు మళ్లీ ఒక్కటైనందుకు గుర్తుగా దీన్ని కట్టారు. తూర్పు కొసన లింకన్. పడమట, గుట్ట మీద, దక్షిణాది సేనాని రాబర్ట్ ఈ. లీ నివసించిన ఇల్లు. ఆ ఎస్టేట్‌నే 1864లో సైనికుల శ్మశానవాటికగా మార్చారు.

వంతెన ఆలోచన పాతదే అయినా చాలాకాలం కాగితాలకే పరిమితమైంది. 1921 నవంబరు 11న ఆర్లింగ్టన్‌లో అజ్ఞాత సైనికుడి సమాధి కార్యక్రమానికి బయల్దేరిన అధ్యక్షుడు హార్డింగ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయారు. ఆ తర్వాతే పనిలో కదలిక వచ్చింది. 1925లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. 1932 జనవరి 16న అధ్యక్షుడు హూవర్ ప్రారంభించారు.

చూడటానికి రోమన్ల నాటి రాతి కట్టడంలా ఉంటుంది. నిజానికి అది ఇనుప చువ్వలతో పోసిన కాంక్రీటు, గ్రానైట్ పైతొడుగే. తొమ్మిది కమానుల్లో మధ్యది కాంక్రీటు కూడా కాదు. ఓడలకు దారి ఇచ్చేందుకు రెండుగా విడి పైకి లేచే ఉక్కు భాగమది. పక్క కమానుల్లో కలిసిపోయేలా దానికి లోహపు రేకులు తొడిగారు. 1961లో చివరిసారి తెరిచారు.

అది స్మరించే సయోధ్యకూ ఇలాంటి పైతొడుగే ఉంది. 1922లో లింకన్ స్మారకం ప్రారంభోత్సవానికి వచ్చిన నల్లజాతి అతిథులను విడిగా కూర్చోబెట్టారు. గుట్ట మీది ఇంటిని కట్టింది బానిసలు. యుద్ధకాలంలో విముక్తులైనవారి కోసం అదే ఎస్టేట్‌లో ఫ్రీడ్‌మన్స్ విలేజ్ వెలిసింది. వంతెన కలిపే రెండు పేర్లలో వీళ్లెవరూ లేరు. ఎవరి మధ్య రాజీ కుదిరిందన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కర్లేదు.

వాషింగ్టన్ వైపున్న బంగారు పూత గుర్రపు విగ్రహాలు 'శౌర్యం', 'త్యాగం' తర్వాత వచ్చినవి. లియో ఫ్రీడ్‌లాండర్ రూపకల్పన చేయగా, ఇటలీలో పోతపోశారు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుగా మొదలైన దేశం 1951లో ఇచ్చిన కానుక అది.

తుప్పు మాత్రం ప్రతీకలను లెక్కచేయలేదు. 2015లో 10 టన్నుల బరువు పరిమితి పెట్టడంతో బస్సులు ఆగిపోయాయి. మరమ్మతు చేయకపోతే 2021 నాటికి పూర్తిగా మూసేయాల్సి వస్తుందని నేషనల్ పార్క్ సర్వీస్ హెచ్చరించింది. 2018లో మొదలైన పని 2020 డిసెంబరులో ముగిసింది, ఖర్చు 22.7 కోట్ల డాలర్లు. మధ్యలో లేచే ఉక్కు భాగాన్ని తీసేసి, కదలని ఉక్కు దూలాలు అమర్చారు. బయటి రూపాన్ని మాత్రం మార్చలేదు.